‘మీదే ఊరమ్మా?’ అని అడిగేదెవరు?

1994 జూన్. మావారికి బదిలీ అయి కోస్తాలో ఓ చిన్న పట్నానికి వచ్చాం. సామాను సగం ఇంకా మూటల్లోనే ఉంది. పాలు ఎవరు పోస్తారో, కిరాణా కొట్టు ఎక్కడుందో తెలియని రోజులు. అయినా ఆదివారం వచ్చేసరికి కాస్త ప్రాణం కుదుటపడింది. ‘ఏ ఊరెళ్ళినా గుడి ఉంటుంది, గుడిలో మనవాళ్ళుంటారు’ అనేది మా అమ్మ. (మా వైపు చర్చిని గుడి అనే అంటాం లెండి.)

గుమ్మం దగ్గర నిలబడ్డ ఇద్దరు యువకులు చక్కగా చేతులు జోడించి ‘వందనాలండీ’ అన్నారు. ఆడవాళ్ళ వైపు ఆఖరి వరసలో చాపమీద కూచున్నాను. పాటల పుస్తకం ఏ మూటలో ఉందో దొరకలేదు. పక్కావిడ దగ్గర ఉంది. ఆవిడ దాన్ని కాస్త ఇటు తిప్పితే ఇద్దరం పాడుకునేవాళ్ళం. తిప్పలేదు. ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద ఎవరి గుంపు వారిదే. కోడలి పురుడు, అబ్బాయి ఇంటర్ మార్కులు, చీటీ పాట... కబుర్లే కబుర్లు! నేను గోడవార నిలబడి చెప్పులు వేసుకున్నాను. చెప్పులు వేసుకోవడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? నాకు అయిదు నిమిషాలు పట్టేది, ఎవరైనా పలకరిస్తారేమోనని!

రెండో వారమూ అంతే. మూడో వారమూ అంతే. మావారికి మాత్రం ఆ బాధ లేదు. ‘ఏ బ్యాంకండీ మీది?’ అని మొదటి వారమే ఓ పెద్దమనిషి ఆయన్ని పట్టుకున్నాడు. నాలుగో ఆదివారం ‘తలనొప్పిగా ఉంది, మీరు వెళ్ళండి’ అన్నాను. ఆయనే బలవంతాన తీసుకెళ్ళారు.

ఆరోజు, కళ్ళజోడుకి నల్లదారం కట్టుకున్న ఓ పెద్దావిడ ముందు వరసలోంచి లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది. కీర్తన నంబరు దగ్గర వేలు పెట్టి పుస్తకం నా ఒళ్ళో ఉంచింది. పాట అయ్యాక చెవిలో మెల్లగా, ‘మీదే ఊరమ్మా?’ అంది. అంతే! ఎందుకో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆరోజు నన్ను వదల్లేదు. మధ్యాహ్నం వాళ్ళింట్లోనే పప్పుచారు, ఎండుచేపల ఇగురు. ‘మాది చిన్న ఇల్లమ్మా’ లాంటి మొహమాటపు మాటలేవీ లేవు. కంచం చేతికిచ్చి, ‘నువ్వు వడ్డించుకో, నాకు మోకాళ్ళు’ అన్నారు. బుధవారంనాడు ఆవిడే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు, గ్యాసు ఎక్కడ రాయించుకోవాలో కనుక్కుని.

ఒక మాట చెప్పాలి. ఆ సంఘంవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. తుపాను వస్తే బియ్యం, బట్టలు పోగుచేసి పంపేవాళ్ళు. ఎవరికైనా జబ్బు చేస్తే రాత్రంతా కూచుని ప్రార్థన చేసేవాళ్ళు. ఆ ‘ఎవరైనా’ వాళ్ళకు ముందే తెలిసినవాళ్ళయి ఉండాలి, అంతే తేడా. గుమ్మంలో వందనం చెప్పడం వేరు, పక్కన చాపమీద జాగా ఇవ్వడం వేరు.

దోర్నకల్ బిషప్పు గారు అడిగింది

ఈ తేడాని వందేళ్ళ కిందటే నలుగురిలో నిలబడి చెప్పిన మనిషి ఒకాయన ఉన్నారు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. పుట్టింది తమిళదేశంలో, తిరునల్వేలి ప్రాంతంలో. 1909లో అప్పటి నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతానికొచ్చి, తెలుగు నేర్చుకుని, తెలుగువాళ్ళ మధ్యే పనిచేశారు. రైల్లో కొత్తగూడెం వైపు వెళ్ళినవాళ్ళకి దోర్నకల్ జంక్షన్ తెలిసే ఉంటుంది.

1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధులు. దాదాపు అందరూ ఐరోపా, అమెరికా దేశాలవాళ్ళే. మనదేశం నుంచి వెళ్ళిన కొద్దిమందిలో ముప్ఫయ్యయిదేళ్ళ అజరయ్య గారొకరు. తెల్ల మిషనరీలూ భారతీయ సేవకులూ కలిసి పనిచేయడం గురించి మాట్లాడమన్నారు ఆయన్ని. మీరు చేసిన త్యాగాలన్నిటికీ మా సంఘం రుణపడి ఉంటుందంటూనే, ఇంతా ఇచ్చినవాళ్ళు ప్రేమ కూడా ఇవ్వండి, మాకు స్నేహితుల్నివ్వండి అని అడిగారు. బళ్ళు కట్టించారు, ఆసుపత్రులు కట్టించారు, కాదనలేదు. కానీ దొరలకీ మనవాళ్ళకీ మధ్య సమానంగా కూచుని మాట్లాడుకునే చనువు ఎక్కడిది? సభలో ఆ మాట కొందరికి గుచ్చుకుంది. గుచ్చుకోదూ మరి! సాయం చేయడం సులువు, సాయం చేసేవాడు పైనుంటాడు కాబట్టి. స్నేహంలో ఎవరూ పైన ఉండరు.

ఆయనే 1912లో దోర్నకల్ బిషప్పయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పయిన తొలి భారతీయుడు ఆయనే. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కేథడ్రల్ని చూస్తే గుమ్మటాలూ, మన గుళ్ళలో కనిపించే తరహా స్తంభాలూ ఉంటాయి. పరాయి ఇల్లులా కాకుండా, ఊళ్ళోవాళ్ళకి ‘ఇది మనదే’ అనిపించాలనే ఆ కట్టడం.

ఊరు అడిగాక అడిగే ప్రశ్న

దొరలు వెళ్ళిపోయి ఎన్నాళ్ళయింది! ఇప్పుడు పైనా కిందా ఎవరు? మనమే. ‘మీదే ఊరమ్మా?’ తర్వాత చాలాచోట్ల వచ్చే ప్రశ్న ‘మీ ఇంటిపేరేంటి?’ దాని అర్థం తెలియని తెలుగావిడ ఉందా? ఇంటిపేరు చెబితే కులం తెలుస్తుంది. కులం తెలిస్తే ఏ గుంపులో నిలబడాలో తెలుస్తుంది. బాప్తిస్మం తీసుకున్నాక అందరం ఒక్కటే అంటాం, ఒకే గిన్నెలోని ద్రాక్షరసం పుచ్చుకుంటాం. పెళ్ళి సంబంధాల దగ్గరికొచ్చేసరికి, కమిటీ ఎన్నికల దగ్గరికొచ్చేసరికి పాత గోడలన్నీ లేస్తాయి. ఇది గుడి బయటివాళ్ళు వేసే నింద కాదు, లోపల కూచున్న మనకి తెలిసిన సంగతే.

కులం ఒక్కటే కాదు, చీర కూడా. యాకోబు రాసిన పత్రికలో రెండో అధ్యాయం తీసి చూడండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడొస్తే మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాడొస్తే కాళ్ళ దగ్గర కూచోమంటారేమిటని నిలదీశాడు. మనలో ఎవర్నో చూసి రాసినట్టు లేదూ! మా సంఘానికే మునిసిపాలిటీలో రోడ్లూడ్చే అమ్మాయొకతె వచ్చేది. డ్యూటీ దిగి, నీళ్ళు పోసుకుని, తడిజుట్టుతోనే పరుగున వచ్చేది. ఆమె కూచున్న చాపమీద పక్క జాగా మాత్రం చివరిదాకా ఖాళీగానే ఉండేది. మా నర్సమ్మ గారు కీళ్ళనొప్పుల వంకతో, ‘నన్ను పట్టుకుని లేపాలమ్మా నువ్వు’ అంటూ వెళ్ళి ఆ ఖాళీలో కూచునేవారు. ఉపన్యాసమేం లేదు.

కత్తిపీటల దగ్గర

నన్నడిగితే సంఘంలో అసలు స్నేహాలు పుట్టేది ఆరాధనలో కాదు, ప్రేమవిందు రోజు వంటల దగ్గర. క్రిస్మస్‌కో, పంటల పండక్కో అందరూ కలిసి భోంచేసే రోజుంటుంది కదా. తెల్లవారుజామునే నాలుగు కత్తిపీటలు, రెండు బస్తాల ఉల్లిపాయలు. ఉల్లిపాయల దగ్గర డాక్టరమ్మా ఏడుస్తుంది, ఆయమ్మా ఏడుస్తుంది! అక్కడ కూచున్న రెండు గంటల్లో ఒకళ్ళ కథ ఇంకొకళ్ళకి తెలిసిపోతుంది. మొగవాళ్ళు మైకు సెట్టు చూసుకుంటూ, ఇదంతా వంటే అనుకుంటారు పాపం.

అందుకే ఈమధ్య విందంతా కేటరింగు వాళ్ళకిచ్చేసి, ప్యాకెట్లు పంచేస్తుంటే నాకు దిగులేస్తుంది. శ్రమ తగ్గింది, నిజమే. ముప్ఫయి కిలోల బియ్యం వార్చిన నడుములకి ఆ సంగతి తెలుసు. కానీ కొత్తగా వచ్చినావిడకి ‘ఇదిగో, ఈ అల్లం కాస్త దంచిపెట్టమ్మా’ అని చెప్పే అవకాశం పోయింది. కొత్తావిణ్ణి కుర్చీ వేసి కూచోబెడితే చుట్టమవుతుంది. రోకలి చేతికిస్తే మనిషవుతుంది.

పల్లెటూరి సంఘాల్లో పిడికెడు బియ్యం అనే అలవాటు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడల్లా కొలిచిన బియ్యంలోంచి ఓ పిడికెడు తీసి విడిగా దాచి, ఆదివారం గుడికి తెచ్చి కుమ్మరిస్తారు. కానుకపెట్టెలో ఎవరు పదులు వేశారో, ఎవరు వందలు వేశారో కనిపిస్తుంది. కుప్పలో ఎవరి పిడికిలి ఏదో ఎవరు చెప్పగలరు!

ఉత్తరం తెచ్చుకున్న అమ్మాయి

సంఘాల్లో మరో మంచి పద్ధతి ఉంది. ఊరు మారేటప్పుడు పాస్టరు గారి దగ్గర ఉత్తరం తీసుకోవడం. ‘ఈమె మా సంఘస్థురాలు, మీలో చేర్చుకోండి’ అని. అది నిన్నమొన్నటి ఆఫీసు కాగితం కాదు. పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక ఆఖరి అధ్యాయంలో మొట్టమొదటి పేరు ఒక ఆడమనిషిది, ఫీబే. కెంక్రేయ అనే రేవుపట్నంలోని సంఘం ఆమెది. ఆమెని చేర్చుకోండి, ఆమెకేం కావాలన్నా సాయపడండి అని రాశాడు. ఆ కిందే వరసగా బోలెడు పలకరింపులు, అందులో ఆడవాళ్ళ పేర్లెన్నో. రూఫు అనే అతని తల్లిని తలుచుకుని, ఆమె నాకూ తల్లేనన్నాడు. పేరు రాయలేదు గానీ, మా నర్సమ్మ గారిలాంటి మనిషే అయ్యుంటుందని నా ఊహ.

మనవాళ్ళు ఇప్పుడు ఎక్కడెక్కడికి వెళ్తున్నారని! కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళున్నారు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధనకి వెళ్ళేదీ ఎక్కువగా శుక్రవారమే. ఆ సెలవు కూడా దొరకని వాళ్ళే ఎక్కువ. అలాంటి మనిషికి ఎప్పుడో ఒక శుక్రవారం రెండు గంటలు దొరికితే, ఆ రెండు గంటల్లో తెలుగులో ‘తిన్నావా?’ అని అడిగే గొంతుకోసం వస్తుంది. ఆమెని కూడా ఇంటిపేరు అడుగుదామా?

అడగకూడనివీ ఉన్నాయి

పలకరించమన్నానని ఆరా తీయమని కాదు సుమా! భర్త నుంచి విడిపోయి పుట్టింటికొచ్చిన ఓ అమ్మాయి గుడికి రావడం మానేసింది. ఎందుకంటే, ఓ ఉపవాస కూటంలో ఒకావిడ లేచి, ‘ఫలానా అమ్మాయి కోసం ప్రార్థన చెయ్యండమ్మా, మొగుడు వదిలేశాడట’ అంది. ప్రార్థన కోసమే చెప్పిందట. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసింది. ప్రార్థన పేరుతో ఎన్ని సంసారాల గుట్టు బయటపడిందో లెక్కేస్తే మనం సిగ్గుపడాలి. పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లల్లేని కోడలి దగ్గర నెలనెలా ‘ఏమన్నా విశేషమా?’ అనడమూ అలాంటిదే.

శుక్రవారం కూటాలకి బొట్టుపెట్టుకుని, పిల్లాడి జ్వరం తగ్గాలనో, భర్త తాగుడు మానాలనో వచ్చి వెనక కూచునే పొరుగింటివాళ్ళుంటారు. వాళ్ళని చూడగానే కొందరి చూపు బొట్టుమీదే ఆగుతుంది. కష్టంలో తలుపు తట్టిన మనిషిని నుదురు చూసి కొలిస్తే ఎలా? కాసిని మంచినీళ్ళిచ్చి, పిల్లాడికెలా ఉందని అడిగితే చాలదూ?

ఇదంతా ఇంత గట్టిగా రాస్తున్నాను గానీ, నా సంగతి కూడా చెప్పాలి. మా నర్సమ్మ గారు ఇప్పుడు లేరు. మేమూ ఊరు మారి చాలా ఏళ్ళయింది. ఇక్కడి స్త్రీల సమాజంలో నాదిప్పుడు పెద్దరికం. పోయిన నెల ప్రేమవిందు రోజున ఆఖరి వరసలో చంటిపిల్లాడితో ఓ కొత్తమ్మాయి కనిపించింది. పలకరిద్దామనుకుంటూనే కంచాలు లెక్కపెట్టే పనిలో పడ్డాను. నూట పధ్నాలుగు, నూట పదిహేను... తలెత్తి చూస్తే ఆ పిల్ల గోడవార నిలబడి చెప్పులు వేసుకుంటోంది. వేసుకుంటూనే ఉంది. కంచాలు కింద పెట్టి గేటు దాకా వెళ్ళేసరికి ఆటో కదిలిపోయింది.

తర్వాతి ఆదివారం పాటల పుస్తకాలు రెండు పట్టుకుని వెనక వరసలోనే కూచున్నాను. రాలేదు. ఆ పై వారమూ రాలేదు. వాచ్‌మన్‌ని అడిగితే, ఆ ఆటో చెరువు దాటాక వచ్చే కొత్త కాలనీదన్నాడు. రేపు బుధవారం. బస్సు పదింటికట.