గాలి కబురులో రెండో అంకె

రావులపాలెం దిగువన లంకల్లో అరటి వేస్తాం మేము. చెట్టు గెల వేసిందంటే ఇక మాకు గాలి మీదే ధ్యాస. ఫోనులో వాతావరణం తెరిస్తే నా చూపు ముందు గాలి వేగం పక్కనుండే రెండో అంకె మీదికి పోతుంది.

గాలి గంటకు 18 కిలోమీటర్లు, గస్ట్ 42 అని ఉందనుకోండి. మొదటిది సగటు, మామూలుగా పది నిమిషాల గాలిని కొలిచి తీసే లెక్క. రెండోది విసురు. ఆ మధ్యలో మూడు సెకన్ల పాటు వచ్చిపడే దెబ్బ. ‘పద్దెనిమిదేగా’ అని ఫోను జేబులో పెట్టేసేవాళ్లే ఎక్కువ. చెట్టును పడేసేది మాత్రం ఆ 42. పైగా వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది.

అరటి బోదె గట్టి మాను కాదు. ఆకుమట్టలు ఒకదాన్నొకటి చుట్టుకుని నిలబడతాయి, లోపలంతా నీరే. ఆకులు గాలికి పీలికలైతే కొత్తగా సాగుకు దిగినవాళ్లు బెంగపడతారు గానీ, చీలిన సందుల్లోంచి గాలి పోతుంది కనుక బోదె మీద భారం తగ్గుతుంది. అసలు బరువు గెలది. అది ఒక పక్కకు లాగుతుంటే విసురు కూడా అటే తోసిందో, బోదె నడిమికి విరిగిపోతుంది. అందుకే వెదురు కర్ర గెల వంగిన వైపే ఊతం పెట్టాలి. గాలి కబురున్నప్పుడు తోటకు నీరు కట్టొద్దు. నానిన ఒండ్రు వేళ్లను పట్టి ఉంచదు.

ఫోనులో కనిపించే వేగం చెట్లూ ఇళ్లూ అడ్డులేని చోట, నేలకు 10 మీటర్ల ఎత్తున వీచే గాలిది. కంప్యూటర్ నేలను గడులుగా కోసి లెక్క కడుతుంది. మన వాతావరణ శాఖ 2025 మేలో మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో ఒక్కో గడి 6 కిలోమీటర్లు. అంత మేరలో ఏటి పాయ, గట్టు, కొబ్బరి తోట, ఊరు అన్నీ ఇమిడిపోతాయి. కొబ్బరి చాటున సగటు తగ్గుతుంది గానీ గాలి సుళ్లు తిరుగుతుంది. ఏటి మీదుగా అడ్డులేకుండా వచ్చే గాలి ఒడ్డు వరసలనే ముందు కొడుతుంది. మీ తోట ఏ దిక్కుకు తెరిపిగా ఉందో ఏ యాప్‌కూ తెలియదు, అది మీరే చూసుకోవాలి. కబురులో దిక్కు చూసేటప్పుడు గుర్తుంచుకోండి, పడమర గాలి అంటే పడమటి నుంచి వచ్చేది.

తెల్లవారి ఆకు కదలకున్నా మధ్యాహ్నం విసుర్లు మొదలవడానికి కారణం ఎండ. కాగిన నేల మీది గాలి పైకి లేస్తూ, పైన వేగంగా పోయే గాలిని కిందికి దింపుతుంది.

నాకు ఎక్కువ భయం ఏప్రిల్, మే నెలల గాలివానంటేనే. మేఘం కింద చినుకులు ఆవిరై గాలి చల్లబడి, బరువెక్కి, ఒక్కసారిగా నేల మీదికి దిగి నలువైపులా పరుచుకుంటుంది. వానకు ముందు ఒంటికి తగిలే చల్లగాలి అదే. వేగం ఉన్నట్టుండి కనీసం 29 కిలోమీటర్లు పెరిగి, 40కి చేరి, నిమిషమైనా నిలిస్తే వాతావరణ శాఖ దాన్ని స్క్వాల్‌గా లెక్కిస్తుంది. ఇది ఎవరి తోట మీద పడుతుందో పొద్దుటి అంచనా చెప్పలేదు. మబ్బు కమ్మినప్పుడు చూడాల్సింది రాడార్ బొమ్మ, వాతావరణ శాఖ జిల్లాలవారీగా ఇచ్చే మూడు గంటల హెచ్చరిక.

తుపానులప్పుడు ఇంకో తికమక. మన శాఖ మూడు నిమిషాల సగటు చెబుతుంది, అమెరికా వాళ్లది ఒక్క నిమిషం. అదే తుపానుకు వాళ్ల అంకె పెద్దగా కనిపిస్తే బలపడిందని కంగారు పడనక్కర్లేదు.

టీవీలో ‘గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు’ అని ఒక్క ముక్క చదివేస్తారు. ఆ 60 సగటా, విసురా? తుపాను బులెటిన్‌లో రెండూ ఉంటాయి, రెండూ చదివితే ఎంత బాగుంటుంది! విసురే 60 అయితే లేత గెలలకు కర్రలు సరిచేసి, తాళ్లు బిగించి చూస్తాం. సగటే 60 అయితే పక్వానికొచ్చిన గెలలు ఆ రోజే కోయించి రావులపాలెం మార్కెట్టుకు తోలేస్తాం.