మెదడు స్కానింగులో యంత్రం గీసిన హద్దు తప్పితే?

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో ఎవరికైనా మూర్ఛ వచ్చినా, ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయినా, తలలో గడ్డ ఉందేమోనని అనుమానం కలిగినా పెద్ద పరీక్షలకు ఒంగోలుకో, రైలెక్కి గుంటూరుకో, ఇటు నంద్యాల మీదుగా కర్నూలుకో వెళ్ళడం మామూలే. అక్కడ ఎం.ఆర్.ఐ. తీయించి, ఫిల్ములూ రిపోర్టూ సంచిలో పెట్టుకుని వస్తారు. కొన్ని పెద్ద కేంద్రాల్లో ఇప్పుడు ఆ రిపోర్టుతో పాటు మెదడులో ఏ భాగం ఎంత పరిమాణంలో ఉందో చూపే అంకెల పట్టిక కూడా ఇస్తున్నారు. “కంప్యూటరు కట్టిన లెక్క, ఇక తిరుగేముంది?” అనుకుంటాం. కాని తిరుగు ఉంది. రోగి మెదడు రూపం మామూలుగా లేనప్పుడు ఆ లెక్క తప్పవచ్చు. అప్పుడు దాన్ని మనిషి దిద్దాలి.

యంత్రం చేసే పని ఏమిటి?

ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. బలమైన అయస్కాంతం, రేడియో తరంగాల సాయంతో శరీరంలోని హైడ్రోజన్ నుంచి వచ్చే సంకేతాలను పట్టి బొమ్మ తయారు చేస్తారు. ఈ విద్యకు బాట వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ లకు 2003లో నోబెల్ బహుమతి లభించింది.

వివరంగా తీసిన బొమ్మలో మెదడు మిల్లీమీటరు పొడవూ వెడల్పూ ఎత్తూ ఉన్న చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. అటువంటివి పది లక్షలకు పైనే. వాటిలో ఏది బూడిద పదార్థం, ఏది తెల్ల పదార్థం, ఏది మెదడు గదుల్లో ఉండే నీరు అని తేల్చి హద్దులు గీయాలి. మనిషి చేత్తో గీస్తే రోజులు పట్టే పనిని కంప్యూటరు నిమిషాల్లోనో, గంటల్లోనో ముగిస్తుంది.

అందుకు దానికి ఉన్న ఆధారాలు రెండే. ఒకటి, ఆ ముక్క ఎంత తెల్లగా, ఎంత నల్లగా ఉందన్నది. రెండు, మామూలు మెదడులో ఆ చోట ఏం ఉంటుందన్నది. ఈ “మామూలు మెదడు” ఎవరిది? చాలాకాలంగా ప్రపంచమంతా వాడుతున్న నమూనా, కెనడాలోని మాంట్రియల్ నాడీ సంస్థ 152 మంది మెదళ్ళను సగటు కట్టి చేసినది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు, తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థతో కలిసి వందమంది భారతీయుల మెదళ్ళతో మన నమూనాను తయారు చేసి 2019లో వెల్లడించారు. పాశ్చాత్యుల నమూనాతో పోలిస్తే మన మెదడు సగటున పొడవులోనూ, వెడల్పులోనూ, ఎత్తులోనూ కాస్త చిన్నదని తేలింది. చిన్నదంటే తెలివి తక్కువని అర్థం కాదు సుమా! కొలబద్ద మారితే కొలత మారుతుందన్నదే ఇందులో నీతి.

ఎక్కడ పొరబడుతుంది?

ఆరోగ్యవంతుల విషయంలోనే ఇంత తేడా ఉంటే, జబ్బుతో రూపం మారిన మెదడు సంగతి చెప్పాలా? గుండ్లకమ్మ దారి మార్చుకున్నాక పాత పటం పట్టుకుని పొలానికి హద్దురాళ్ళు పాతినట్టే ఉంటుంది.

పక్షవాతం వచ్చి కొన్నేళ్ళయితే, దెబ్బతిన్న చోట గుంట పడి నీరు చేరుతుంది. యంత్రం దాన్ని మెదడు సహజపు నీటి గదిగా లెక్కించవచ్చు. తలలో నీరు చేరిన పిల్లల్లో ఆ గదులు మరీ పెద్దవై, మెదడు పల్చని పొరలా మారితే ఆ పొరనే వదిలేయవచ్చు. గడ్డ చుట్టూ వాపు వచ్చి నడిమి గీత పక్కకు జరిగితే, పక్క భాగాల పేర్లు తారుమారు కావచ్చు. పెద్దవారి తెల్ల పదార్థంలో వయసుతో వచ్చే మచ్చలను బూడిద పదార్థంగా పొరబడవచ్చు. ఆపరేషనులో పుర్రె ఎముక తీసివేసిన వారిలో మెదడు అంచు ఎక్కడో తెలియక పైపొరలను కూడా కలిపేయవచ్చు. స్కానింగులో రోగి తల కదిలించినా మెదడు పైపొర ఉన్నదానికంటే పల్చగా కనిపిస్తుంది.

దీనివల్ల నష్టం ఏమిటంటారా? అరవై ఏళ్ళ పెద్దాయనకు అయిదేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి తగ్గిందనుకోండి. ఇప్పుడు మతిమరుపని స్కానింగు తీస్తే “మెదడు బాగా కుంచించుకుపోయింది” అని అంకె వస్తుంది. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం పాత గాయానిదే కావచ్చు. అది తెలియక ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. గడ్డకు కిరణ చికిత్స ఇచ్చేటప్పుడు హద్దు తప్పితే మరీ ప్రమాదం. మంచి భాగానికి కిరణాలు తగలవచ్చు, లేదా గడ్డలో కొంత మిగిలిపోవచ్చు.

ఎలా దిద్దుతారు?

నిపుణుడు బొమ్మను పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి మూడు విధాలా చూస్తాడు. యంత్రం గీసిన గీత అసలు అంచు మీద ఉందా లేదా అని వరసగా పరిశీలిస్తాడు. గాయమున్న చోటును వేరుగా గుర్తించి, “దీన్ని లెక్కలోకి తీసుకోకు” అని చెప్పి మళ్ళీ లెక్క కట్టిస్తాడు. అప్పటికీ కుదరకపోతే, పలక మీద గీత చెరిపి మళ్ళీ గీసినట్టు, చేత్తో దిద్దుతాడు. మొత్తం అంకె సరిపోయినంత మాత్రాన చాలదు. ఒక పక్క ఎక్కువ, మరో పక్క తక్కువ లెక్కించినా మొత్తం సరిగానే వస్తుంది. అందుకే అంకెను కాదు, గీతను చూడాలి.

మీరు చేయవలసినది

దిద్దేవారికి దారి చూపేది మీ ఇంట్లో ఉన్న పాత కాగితాలే. పాత ఫిల్ములు, సీడీలు, డిశ్చార్జి కాగితాలు పారేయకుండా తేదీల వారీగా ఒకే సంచిలో ఉంచి తీసుకువెళ్ళండి. పక్షవాతం, తలకు దెబ్బ, మూర్ఛ, తల ఆపరేషను, పుట్టుకతో వచ్చిన లోపం ఏదున్నా ఏ సంవత్సరంలో జరిగిందో చెప్పండి. తలలో నీటి గొట్టం, రక్తనాళానికి క్లిప్పు, గుండెకు పేస్‌మేకరు, చెవిలో యంత్రం ఉంటే గదిలోకి అడుగు పెట్టక ముందే తప్పక చెప్పాలి. కొన్ని రకాల నీటి గొట్టాల అమరికను అయస్కాంతం మార్చగలదు కనుక, తర్వాత వాటిని మళ్ళీ పరీక్షించాలి. స్కానింగు జరిగినంతసేపూ తల కదపకుండా ఉండాలి.

అంకెల పట్టిక చేతికి వస్తే డాక్టరుగారిని మొహమాటం లేకుండా ఒక్క మాట అడగండి: “ఇది యంత్రం ఇచ్చిందేనా, బొమ్మతో సరిచూశారా అండీ?” ఆ ప్రశ్నలో అవమానమేమీ లేదు. ఆ పట్టిక ఒక్కటే చూసి మూర్ఛ మాత్రలు ఆపడం గాని, ఆపరేషను వద్దనుకోవడం గాని చేయవద్దు. రోగి నడక, మాట, జ్ఞాపకం స్వయంగా పరీక్షించిన వైద్యుడే ఆ అంకెకు అర్థం చెప్పగలడు.