మిద్దెతోటలో అతి ఘాటు మిరప రకాల ఎంపిక

అతి ఘాటు మిరప రకాలు అనగా ఆంధ్ర, తెలంగాణ వంటలలో నిత్యం వాడే మిరపకాయల కంటె అనేక రెట్లు ఎక్కువ కారం గలవి. ఈశాన్య భారతదేశానికి చెందిన భూత్ జొలోకియా, అమెరికాకు చెందిన కరోలినా రీపర్ వీటిలో ప్రసిద్ధమైనవి. హైదరాబాదు నగర మధ్యభాగంలోని అమీర్‌పేట, పంజాగుట్ట వంటి ప్రాంతాలలో పెరటి స్థలం దాదాపు లేదు. అందువలన అక్కడ మిరపను అపార్ట్‌మెంటు మేడలపైన, బాల్కనీలలో కుండీలలోనే పెంచవలసి ఉంటుంది. ఇటువంటి చోట రకాన్ని ఎంచుకొనేటపుడు కారం కొలతను మాత్రమే చూడడం చాలదు. మొక్క జాతి, నగరపు ఎండ, కుండీ పరిమాణం, ఇంట్లో కాయల వాడకం అనే నాలుగు అంశాలను కలిపి చూడాలి.

== ఘాటు, దాని కొలత ==

మిరపకాయలోని కారానికి కారణం కాప్సైసిన్, దానికి దగ్గరి రసాయనాలు. ఇవి ప్రధానంగా గింజలు అంటుకొని ఉండే తెల్లని కండలో తయారవుతాయి. గింజలలోనే కారం ఉంటుందన్నది అపోహ; గింజలకు ఉండే కారం ఆ తెల్లని కండనుండి అంటినదే. అతి ఘాటు రకాలలో కాయ గోడ లోపలి పొరలో కూడా కాప్సైసిన్ తిత్తులు ఉంటాయి. అందువలన సాధారణ మిరపలో చేసినట్లు గింజలు, ఈనెలు తీసివేసినా వీటి ఘాటు పెద్దగా తగ్గదు.

కాప్సైసిన్ నాలుకపై నిజమైన వేడిని కలిగించదు. వేడిని గుర్తించే టిఆర్‌పివి1 అనే గ్రాహకాన్ని అది ప్రేరేపించడం వలన మంట అనిపిస్తుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. పక్షులలోని గ్రాహకం కాప్సైసిన్‌కు స్పందించదు. కావున చిలుకలు, పిట్టలు మిరపపండ్లను తిని విత్తనాలను వెదజల్లుతాయి. మేడపై పండిన కాయలకు ఘాటే రక్షణ అనుకోరాదు.

కారాన్ని స్కోవిల్ యూనిట్లలో చెబుతారు. అమెరికన్ ఔషధశాస్త్రవేత్త విల్బర్ స్కోవిల్ 1912లో ఈ పద్ధతిని రూపొందించాడు. మిరప సారాన్ని చక్కెర నీటిలో కలుపుతూ, రుచి చూసేవారికి కారం తెలియనంతవరకు పలుచన చేయడం తొలి పద్ధతి. ప్రస్తుతం పరికరాలతో కాప్సైసిన్ శాతాన్ని కొలిచి, దానిని స్కోవిల్ యూనిట్లలోకి మారుస్తారు. శుద్ధ కాప్సైసిన్ విలువ సుమారు 1.6 కోట్ల యూనిట్లు.

== మిరప జాతులు ==

మిరప స్వస్థలం అమెరికా ఖండాలు. పోర్చుగీసు వర్తకుల ద్వారా 16వ శతాబ్దంలో భారతదేశానికి వచ్చింది. సాగులో ఉన్న అయిదు జాతులలో మూడు ఈ విషయానికి ముఖ్యమైనవి.

* కాప్సికం యాన్యువమ్: గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాలలో పొలాలలో పండే మిరప ఇదే. బజ్జీ మిరప, కూరమిరప (కాప్సికం) కూడా ఈ జాతివే. త్వరగా కాపుకు వస్తుంది.
* కాప్సికం ఫ్రూటెసెన్స్: చిన్న కాయలు ఆకాశంవైపు నిలబడి కాసే రకాలు. కేరళలోని కాంతారి దీనికి ఉదాహరణ. కొన్ని సంవత్సరాలు బ్రతికే గుబురు మొక్క.
* కాప్సికం చైనెన్స్: హబనెరో, కరోలినా రీపర్ ఈ జాతివి. భూత్ జొలోకియా కూడా ప్రధానంగా ఈ జాతిదే. దానిలో ఫ్రూటెసెన్స్ జన్యువులు కొంత కలిసి ఉన్నాయి. పేరులో చైనా ధ్వనించినా ఇది అమెరికా ఖండపు జాతే.

గిన్నిస్ రికార్డులకెక్కిన ఘాటు రకాలు చైనెన్స్ జాతికి, లేదా దాని సంకరాలకు చెందినవి. 2007లో భూత్ జొలోకియా 10 లక్షల యూనిట్లు దాటిన తొలి మిరపగా గుర్తింపు పొందింది. 2013లో కరోలినా రీపర్, 2023లో పెప్పర్ ఎక్స్ ఆ స్థానానికి వచ్చాయి. పెప్పర్ ఎక్స్ నమోదైన ఘాటు 26,93,000 యూనిట్లు.

== ప్రాంత పరిస్థితులు ==

హైదరాబాదు దక్కను పీఠభూమిపై సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. అప్పుడు గాలి పొడిగా ఉంటుంది. అమీర్‌పేట, పంజాగుట్టలలో కాంక్రీటు మేడలు పగటి వేడిని పీల్చుకొని రాత్రి విడుస్తాయి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా వేడిగా ఉంటే మిరప పూత, పిందె రాలిపోతాయి. చైనెన్స్ జాతిలో ఈ సమస్య మరింత ఎక్కువ.

ఘాటు కూడా వాతావరణాన్నిబట్టి మారుతుంది. అస్సాంలోని తేజ్‌పూర్ రక్షణ పరిశోధనశాల శాస్త్రవేత్తలు 2000లో తమ ప్రాంతపు మిరపలో 8,55,000 యూనిట్ల ఘాటును ప్రకటించారు. అదే రకాన్ని పొడి వాతావరణం గల గ్వాలియర్‌లో పెంచినపుడు కాప్సైసిన్ సగానికిపైగా తగ్గినట్లు తేలింది. కాబట్టి విత్తనాల పొట్లంపై ముద్రించిన సంఖ్య మొక్క చేసే వాగ్దానం కాదు. అనుకూలమైన చోట ఆ రకం చేరగలిగిన స్థాయి మాత్రమే. వేసవి హైదరాబాదు తేమ విషయంలో తేజ్‌పూర్‌ను పోలి ఉండదు. ఈ నగరంలో చైనెన్స్ రకాలకు అనువైనది వానాకాలం, దాని తరువాత వచ్చే చలికాలపు తొలి భాగం.

వెలుతురు మరొక అంశం. ఎత్తైన కట్టడాల మధ్య ఇరుకు బాల్కనీలలో రోజుకు రెండు మూడు గంటల ఎండ మాత్రమే పడవచ్చు. మిరపకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. అంతకంటె తక్కువ ఉన్న బాల్కనీలో మొక్క సాగిపోయి ఆకు ఎక్కువగా, కాయ తక్కువగా ఉంటుంది. అటువంటివారికి మేడపై స్థలమే అనువైనది.

== రకాలు ==

ఈ క్రింది విలువలు సుమారైనవి. ఒకే మొక్కకు కాసిన కాయల మధ్య కూడా తేడా ఉంటుంది.

* గుంటూరు సన్నం: 35,000 నుండి 40,000 యూనిట్లు. భౌగోళిక గుర్తింపు పొందిన రకం. కారానికి, ఊరగాయకు ప్రసిద్ధి.
* భాగ్యలక్ష్మి (జి-4), భాస్కర్ (ఎల్‌సిఏ 235): గుంటూరు సమీపంలోని లాం వ్యవసాయ పరిశోధనా స్థానం రూపొందించినవి. పొలాలకు ఉద్దేశించినవైనా కుండీలో పెరుగుతాయి.
* తేజ (ఎస్-17): 75,000 నుండి 1,00,000 యూనిట్లు. ఖమ్మం మార్కెట్టుకు పేరు తెచ్చిన రకం. కాయ సన్నగా, పొట్టిగా ఉంటుంది. తెలుగు నేలకు అలవాటుపడిన రకాలలో బాగా ఘాటైనది. ఎండలను తట్టుకోవడంలో చైనెన్స్ రకాలకంటె మేలైనది.
* కాంతారి: 50,000 నుండి 1,00,000 యూనిట్లు. చిన్న కుండీలో కూడా కాస్తుంది. పాక్షిక నీడను కొంత ఓర్చుకుంటుంది.
* హబనెరో, సిక్కిం డల్లే ఖుర్సాని: 1,00,000 నుండి 3,50,000 యూనిట్లు. డల్లే కాయ గుండ్రంగా గోలీకాయవలె ఉంటుంది; 2020లో భౌగోళిక గుర్తింపు పొందింది.
* భూత్ జొలోకియా: 8 లక్షల నుండి 10 లక్షల యూనిట్లు. నాగాలాండ్‌లోని ఇదే తరహా మిరపకు 'నాగ మిర్చా' పేరుతో 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది.
* కరోలినా రీపర్: సగటున 16,41,183 యూనిట్లు. ముడతలుపడిన కాయకు చివర తేలుకొండివంటి తోక ఉంటుంది.

ఘాటు కోరనివారికి కర్ణాటకలోని బ్యాడగి, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా రకాలు ఉన్నాయి. వీటి విలువ రంగులో ఉన్నది.

== వంటలో వాడకం ==

తెలుగు వంటలో మిరప కారానికి మాత్రమే కాక రంగుకు, చిక్కదనానికి, పరిమాణానికి కూడా వాడబడుతుంది. లెక్కప్రకారం ఒక గ్రాము ఎండు భూత్ జొలోకియా పొడి సుమారు 25 గ్రాముల గుంటూరు సన్నం కారంతో ఘాటులో సమానం. అయితే ఆ ఒక్క గ్రాము 25 గ్రాముల కారం ఇచ్చే రంగును, చిక్కదనాన్ని ఇవ్వలేదు. పండుమిరపకాయ పచ్చడి, గొడ్డుకారం, చల్లమిరపకాయల వంటివాటికి కాయలు ఎక్కువగా కావాలి. వీటికి అతి ఘాటు రకాలు పనికిరావు. చైనెన్స్ కాయలకు పండ్లను పోలిన ప్రత్యేక సువాసన కూడా ఉంటుంది. ఇది మామిడి, అనాస వంటి పండ్ల పచ్చళ్ళలో బాగా కుదురుతుంది; పప్పుచారులో అందరికీ నచ్చకపోవచ్చును. సాధారణ కుటుంబానికి ఏడాది పొడవునా ఒక్క భూత్ జొలోకియా మొక్క కాయలే మిగిలిపోతాయి.

== విత్తనాల ఎంపిక ==

అతి ఘాటు రకాల విత్తనాలలో కల్తీ సాధారణం. పెప్పర్ ఎక్స్‌ను రూపొందించిన ఎడ్ కరీ 2023లో రికార్డు ప్రకటించిన సమయంలో దాని విత్తనాలను అమ్మకానికి విడుదల చేయలేదు. కావున ఆ పేరుతో చవకగా అమ్మే పొట్లాలను నమ్మరాదు.

మిరప స్వపరాగ సంపర్కంతో కాయ కట్టే మొక్కయైనా తేనెటీగల ద్వారా పరపరాగ సంపర్కం కూడా గణనీయంగా జరుగుతుంది. మేడపై పలురకాలు పక్కపక్కనే ఉంటే, వాటి విత్తనాలనుండి వచ్చే తరువాతి తరంలో రకం మారిపోవచ్చును. విత్తనం దాచదలచిన కొమ్మకు పూత విచ్చకముందే పలుచని గుడ్డసంచి తొడిగి, కాయ కట్టిన తరువాత గుర్తు కట్టాలి. ఘాటు మిరప పక్కన ఉన్నందువలన కూరమిరప కాయలు అదే పంటలో కారంగా మారుతాయన్నది అపోహ. కాయ కండ తల్లిమొక్కదే. మార్పు ఆ గింజలు మొలిచిన తరువాతనే కనిపిస్తుంది. సంకర రకాల గింజలు తిరిగి నాటితే తల్లి గుణాలు నిలువవు.

== విత్తే కాలం, కుండీ ==

తేజ, సన్నం రకాలను జూన్, జూలై నెలలలో నారు పోసి, ఆరు వారాల మొక్కలను నాటవచ్చును. చైనెన్స్ రకాలు మొలకెత్తడానికే రెండునుండి నాలుగు వారాలు పడుతుంది. నాటిన తరువాత కాయ పండడానికి మరో మూడునుండి నాలుగు నెలలు కావాలి. వీటిని మార్చి, ఏప్రిల్ నెలలలో నీడలో మొలకెత్తించి, రోహిణి కార్తె ఎండలలో 50 శాతం నీడనిచ్చే వలక్రింద ఉంచి, మృగశిర కార్తె వానలతో పెద్ద కుండీలోకి మార్చడం అనువైనది. అప్పుడు పూత, కాపు అక్టోబరునుండి జనవరి మధ్యకాలానికి సరిపోతాయి. జూలైలో విత్తిన చైనెన్స్ మొక్క కాపుకు వచ్చేసరికి ఎండలు ముదురుతాయి.

కాంతారి, తేజ రకాలకు 10 నుండి 12 లీటర్ల కుండీ, చైనెన్స్ రకాలకు 20 లీటర్ల కుండీ కావాలి. ఎర్రమట్టి, పశువుల ఎరువు లేక వర్మీకంపోస్టు, కొబ్బరిపొట్టు కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చాలి. తడిసిన 20 లీటర్ల కుండీ 20 కిలోలకుపైగా బరువు ఉండవచ్చును. పాత అపార్ట్‌మెంట్లలో కుండీలను స్లాబు మధ్యలో గుంపుగా కాక, దూలాలు, గోడల మీదుగా అమర్చాలి. నీరు స్లాబుపై నిలువకుండా క్రింద స్టాండు ఉండాలి. బోరునీటిలో లవణాలు ఎక్కువగా ఉన్నచోట వాననీటిని నిలువచేసి అప్పుడప్పుడు కుండీని బాగా తడపడం వలన పేరుకున్న ఉప్పు కడిగివేయబడుతుంది.

== చీడపీడలు ==

మిరప ఆకులు పైకి దోనెవలె ముడుచుకొంటే తామరపురుగు (పై ముడత), క్రిందికి ముడుచుకొంటే తెల్లనల్లి (క్రింది ముడత) సోకినట్లు గుర్తించాలి. 2021లో నల్లతామర పురుగు తెలుగు రాష్ట్రాల మిరప పొలాలకు తీవ్ర నష్టం కలిగించింది. ఈ పురుగు పూలలో గుంపుగా చేరి పూత రాల్చివేస్తుంది. ఘాటుకు, ఈ పురుగుకు నిరోధకతకు సంబంధం లేదు. నీలిరంగు జిగురు అట్టలు, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపిన ద్రావణం తొలిదశలో ఉపయోగపడతాయి. తెల్లదోమ ద్వారా వ్యాపించే ఆకుముడత వైరస్ సోకిన మొక్కకు చికిత్స లేదు, దానిని పీకివేయాలి. ఒకే రకాన్ని పది కుండీలలో పెంచుటకంటె రెండు మూడు రకాలను పెంచడం వలన నష్టభయం తగ్గుతుంది.

== జాగ్రత్తలు ==

అతి ఘాటు మిరపను పందెం వస్తువుగా తినడం ప్రమాదకరం. 2018లో ప్రచురితమైన ఒక వైద్య నివేదిక ప్రకారం, కరోలినా రీపర్ తిన్న 34 ఏళ్ళ వ్యక్తికి మెదడు రక్తనాళాలు తాత్కాలికంగా కుంచించుకుపోయి భరింపరాని తలనొప్పి వచ్చింది. 2023లో అమెరికాలో అతి ఘాటు మిరపపొడి పూసిన ఒక చిప్స్ పందెంలో పాల్గొన్న 14 ఏళ్ళ బాలుడు మరణించాడు.

* కాయలు కోయునపుడు, తరుగునపుడు చేతితొడుగులు ధరించాలి, కళ్ళను తాకరాదు.
* కాప్సైసిన్ నీటిలో కరగదు. చేతులకు అంటినపుడు ముందు వంటనూనె రాసి, తరువాత సబ్బుతో కడగాలి.
* నోటిమంటకు నీటికంటె పాలు, పెరుగు మేలు.
* ఎండుకాయలను మూసిన వంటగదిలో వేయించరాదు. ఆ ఘాటు అపార్ట్‌మెంటు మెట్లదారిగుండా ఇరుగుపొరుగుకు చేరి, ఉబ్బసం గలవారికి ఇబ్బంది కలిగిస్తుంది.
* పిల్లలు తిరిగే ఉమ్మడి మేడపై ఈ మొక్కకు పేరుపలక తగిలించాలి. ఎర్రని ముడతల కాయ పిల్లలకు ఆటవస్తువుగా కనిపిస్తుంది.

== ఎంపిక క్రమం ==

తొలిసారి పెంచేవారికి తేజ లేదా కాంతారి తగినది. వీటి ఘాటు తెలుగు వంటకు సరిపోతుంది, కాపు ఎక్కువ, ఎండను ఓర్చుకొంటాయి. ఒక కాపు తీసిన అనుభవం, ఆరు గంటల ఎండ, వేసవిలో నీడవల ఉన్నవారు డల్లే లేక హబనెరో పెంచవచ్చును. భూత్ జొలోకియా ఒక మొక్కకు పరిమితం కావడం మంచిది. కరోలినా రీపర్ వంటగది అవసరంకొరకు కాక కుతూహలం కొరకు పెంచే మొక్క మాత్రమే. పిల్లలున్న ఇళ్ళలో దానిని మానుకొనుట ఉత్తమం.

== ఇవి కూడా చూడండి ==

* మిరప
* కాప్సైసిన్
* మిద్దెతోట
* గుంటూరు
* ఖమ్మం
* అమీర్‌పేట