బంగారు ఈఫిల్ టవరూ, బడిపిల్లా

బ్యాంకులో నగ కుదువపెట్టినవాళ్లందరికీ తెలిసిన సంగతే: నగ అందానికి పైసా రాదు. ఖరీదు కట్టే ఆచారిగారు గీటురాయి మీద గీస్తారు, యాసిడ్ చుక్క వేస్తారు, రాళ్ల బరువూ లక్క బరువూ తీసేస్తారు. మిగిలిన బంగారానికే లెక్క. కంసాలి నెల్లాళ్లు కూర్చుని చెక్కిన నెమలికి మా లెక్కలో సున్నా. ఆ కౌంటర్లోనే నా సర్వీసులో ఎక్కువ భాగం గడిచిపోయింది. అందుకేనేమో, దొంగల కామెడీ సినిమాలు చూస్తున్నప్పుడు పట్టుబడతారా లేదా అన్న ఉత్కంఠ నాకు పెద్దగా ఉండదు. వీళ్లు దొంగిలిస్తున్నదానికి ఖరీదు ఎవరు కట్టారు, ఏ లెక్కన కట్టారు అన్నదే చూస్తాను.

ఈ రకం సినిమాల్లో నాకు అన్నిటికంటే దగ్గరివాడు హెన్రీ హాలండ్. 1951లో లండన్ ఈలింగ్ స్టూడియో తీసిన ‘ద లావెండర్ హిల్ మాబ్’లో ఆలెక్ గిన్నెస్ వేసిన పాత్ర. దర్శకుడు చార్లెస్ క్రైటన్. రచయిత టి.ఇ.బి. క్లార్క్‌కి దీనికే ఆస్కార్ వచ్చింది. హాలండ్ బ్యాంకు గుమాస్తా. బంగారు కడ్డీలు వ్యానులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరేదాకా వెంట ఉండటం అతని పని. ఇరవై ఏళ్లుగా అదే పని. మహా చాదస్తుడు, దారిలో ఏ కారు వెనక వచ్చినా అనుమానపడతాడు. పైవాళ్ల దృష్టిలో నిజాయితీపరుడు, అంతకుమించి ఎందుకూ కొరగానివాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయింది ఇక్కడే. అలాంటివాళ్లు ప్రతి బ్రాంచిలోనూ ఉంటారు. స్ట్రాంగ్‌రూమ్ రెండో తాళంచెవి సాధారణంగా వాళ్ల దగ్గరే ఉంటుంది కూడా.

కడ్డీలు కొట్టేయడం హాలండ్‌కి కష్టం కాదు. వాటిని దేశం దాటించడమే కష్టం. అతను అద్దెకుంటున్న ఇంట్లోకి పెండిల్‌బరీ అనే ఆయన దిగుతాడు. యాత్రికులు కొనుక్కునే బొమ్మలు పోతపోయించి అమ్మడం ఆయన వ్యాపారం. పారిస్‌లో అమ్మే చిన్నచిన్న ఈఫిల్ టవర్లు, కాగితాలు ఎగరకుండా బరువు పెట్టుకునేవి, సీసంతో చేసి పంపుతుంటాడు. ఇంకేముంది! పది లక్షల పౌండ్ల విలువైన బంగారం కరిగి ఈఫిల్ టవర్లైపోయి, రంగు పూసుకుని దర్జాగా సముద్రం దాటేస్తుంది. తీరా పారిస్‌లో వీళ్లు టవరెక్కి చూసేసరికి, కొట్టు ఆవిడ తెరవకూడని పెట్టె తెరిచి, ఆరు బంగారు బొమ్మల్ని ఇంగ్లండ్ నుంచి విహారయాత్రకొచ్చిన బడిపిల్లలకు అమ్మేసి ఉంటుంది.

దొంగలిద్దరూ ఇంగ్లండ్ తిరిగొచ్చి ఆ పిల్లల బడికి పోతారు. అచ్చం అలాంటి బొమ్మే ఇస్తాం, పైన డబ్బు కూడా ఇస్తాం, మీది ఇచ్చేయండి అంటారు. అయిదుగురు సంతోషంగా ఇచ్చేస్తారు. ఒక్క పిల్ల మాత్రం ఇవ్వనంటుంది. తనకు తెలిసిన పోలీసాయన ఒకరున్నారు, అది ఆయన కోసం తెచ్చింది. ఎంత బతిమాలినా వినదు. దాంతో అంత దొంగతనమూ కుప్పకూలే దారి పడుతుంది.

ఈ సన్నివేశం చూసిన ప్రతిసారీ నాకు మా కౌంటరు తలకిందులైనట్టు అనిపిస్తుంది. మాకు లోహమే సర్వస్వం, ఆకారం సున్నా. ఆ పిల్లకు చేతిలో ఉన్నది బంగారమనే తెలీదు, ఆకారమే కావాలి, అది ఎవరికోసం కొన్నదో అదే కావాలి. ఈ రెండో రకం లెక్క హాలండ్‌కి తట్టనే తట్టలేదు. ఇరవై ఏళ్లు బంగారంతో తిరిగినవాడికి తట్టకపోవడంలో వింతేముంది? నాకూ ఆ పిల్లలాంటివాళ్లు తగిలేవారు. తేలికపాటి పాతకాలం బుట్టలు, బంగారంలో కల్తీ ఎక్కువ, ఏటేటా వడ్డీ కట్టి తిరగరాయించుకునే ఒక పెద్దావిడ. “అమ్మేస్తే మీకే లాభం కదమ్మా, ఆ వడ్డీ మిగులుతుంది” అంటే, “అవి మా అత్తగారివి తల్లీ, నాకు చెవులు కుట్టించి పెట్టింది” అనేది. మా ఫారంలో ఆ మాట రాసుకోవడానికి గడి లేదు.

దీనికి పూర్తిగా ఎదురు లెక్క విలియం వైలర్ తీసిన ‘హౌ టు స్టీల్ ఎ మిలియన్’లో ఉంది. 1966 నాటిది. పారిస్‌లో బొనే అనే పెద్దమనిషి గొప్ప చిత్రకారుల బొమ్మలు నకళ్లు గీసి అసలైనవని అమ్ముతుంటాడు. ఇంట్లో ఉన్న చెల్లినీ వీనస్ శిల్పాన్ని గొప్పకు పోయి మ్యూజియం ప్రదర్శనకు ఇస్తాడు. నిజానికి దాన్ని చెక్కింది ఆయన తండ్రి, ఎదురుగా నిలబడింది ఆయన తల్లి. బీమా పది లక్షల డాలర్లకు. ఆ బీమా కాగితం మీద సంతకం పెట్టాక తెలుస్తుంది, నిపుణుడు వచ్చి శిల్పాన్ని పరీక్షిస్తాడని! రాయి అదే, పనితనం అదే, ముఖం అదే. పరీక్ష అయిన మర్నాటికి మాత్రం పది లక్షలు కాస్తా సున్నా, పైగా జైలు. ఇక కూతురు నికోల్, అంటే ఆడ్రీ హెప్‌బర్న్, తమ శిల్పాన్ని తానే దొంగిలించుకోవాల్సి వస్తుంది. అందుకు తను దొంగ అనుకుంటున్న సైమన్‌ని, అంటే పీటర్ ఓటూల్‌ని, సాయం అడుగుతుంది.

అతను వాడిన గొప్ప పరికరం బూమరాంగ్. విసురుతాడు, అది శిల్పం చుట్టూ ఉన్న కనబడని కిరణాలకు అడ్డుపడుతుంది, అలారం చెవులు చిల్లులుపడేలా మోగుతుంది, కాపలావాళ్లు పరిగెత్తుకొస్తారు, ఏమీ ఉండదు. మళ్లీ విసురుతాడు. చుట్టుపక్కల పెద్దవాళ్లు నిద్ర చెడి ఫోన్లు చేస్తారు. కాపలావాళ్లు విసుగెత్తి అలారం కట్టేస్తారు. బ్యాంకుల్లో పనిచేసినవాళ్లెవరూ దీన్ని సినిమా అతిశయోక్తి అనుకోరు. బల్లి పాకినా మోగే అలారాన్ని ఎవరో ఒకరు ఏదో ఒక రాత్రి ఆపేస్తారు.

ఆ శిల్పం నకలని సైమన్‌కి ముందే తెలుసు. అతను దొంగ కాదు, కళాఖండాల మోసాలు పట్టుకునే డిటెక్టివ్. వీసమెత్తు విలువ లేదని తెలిసిన దానికోసం చీపుర్లు పెట్టుకునే ఇరుకు అలమరాలో ఆమె పక్కన నక్కి ఉన్నాడంటే, ఎందుకో నికోల్‌కి అక్కడే అర్థమవుతుంది. మనకైతే ఇంకా ముందే అర్థమైపోతుందనుకోండి. శిల్పం కోసం పడిచచ్చే అమెరికా కోటీశ్వరుడు లేలాండ్ మాత్రం చివరిదాకా ధరకాగితమే చదువుతాడు.

ఇటలీవాళ్ల సినిమా ఒకటి చెప్పకపోతే తప్పు. మారియో మోనిచెల్లి 1958లో తీసిన ‘ఇ సోలితి ఇన్యోతి’. రోమ్‌లో పనీపాటా లేని కొందరు ఒక తాకట్టు కొట్టు ఇనప్పెట్టె మీద కన్నేస్తారు. పక్క ఇంటి గోడకు కన్నం వేస్తే, అది తప్పు గోడ. అవతల ఉన్నది అదే ఇంటి వంటగది. అక్కడ శనగలతో వండిన పాస్తా కనబడితే కూర్చుని తినేస్తారు. ఆ ముఖాలు చూడండి, అంత తృప్తి కోట్లు కొట్టేసిన ఏ హాలీవుడ్ దొంగ ముఖంలోనూ నాకు కనబడలేదు.

మనవాళ్లూ తక్కువేం కాదు. ‘క్షణ క్షణం’లో అందరూ పరిగెత్తేది ఒక క్లోక్‌రూమ్ రసీదు వెనక. 1993లో శివనాగేశ్వరరావు తీసిన ‘మనీ’ దొంగతనం కథ కాదు, కిడ్నాప్ కథ. అయినా లెక్క అదే. కుర్రాళ్లు ఒకాయన పెళ్లాన్ని ఎత్తుకుపోయి ధర చెబితే, మొగుడు కట్టనంటాడు.

ఇవేవీ చూడనివాళ్లు ‘లావెండర్ హిల్’తో మొదలుపెట్టండి, గంటన్నర కూడా లేదు. మొదటి నిమిషాల్లో మాత్రం పక్కకు చూడకండి. సినిమా మొదలయ్యే రియోలో హాలండ్ బల్ల దగ్గరికొచ్చి, కాస్త డబ్బు పుచ్చుకుని, అతనికో ముద్దిచ్చి వెళ్లిపోయే అమ్మాయి అప్పటికింకా ఎవరికీ పెద్దగా తెలియని ఆడ్రీ హెప్‌బర్న్.