రక్తపుపోటూ, నేనూ

యాభై రెండో ఏట నాకు ముట్లు ఆగిపోయినప్పుడు, "అమ్మయ్య, ఒక బాధ వదిలింది" అనుకున్నాను. రెండేళ్ళ తరువాత మనుమరాలి జ్వరానికని డాక్టరమ్మగారి దగ్గరకు వెళ్ళి, పనిలో పనిగా నా చెయ్యి కూడా చాపాను. 164/98! మరోరోజు చూసినా అంతే. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. అయినా నా గుండె జారిపోయింది. మా అమ్మ 58వ ఏట పక్షవాతంతో మంచం పట్టింది.

ముట్లుడిగాక ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గిపోతుందనీ, వయసుతోపాటు రక్తనాళాలు బిరుసెక్కి పోటు పెరుగుతుందనీ డాక్టరమ్మగారు చెప్పారు. మాత్ర రాసి, రోజూ నడవమన్నారు.

"తెల్లవారింది మొదలు ఇంటి చాకిరీయే కదండీ! అది చాలదూ?" అన్నాను.

"వంటింట్లో పదడుగులు వేసి ఆగుతారు. ఆగకుండా నడవాలి. మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగం ఉండాలి. రోజుకు అరగంట, వారానికి ఐదురోజులు. గుండెలో నొప్పిగాని, ఆయాసంగాని వస్తే ఆగి, వెంటనే నాకు చెప్పాలి" అన్నారావిడ.

పది నిముషాలతో మొదలుపెట్టాను. వీధిలో ఏమనుకుంటారో అన్న సిగ్గు, ఎదురింటి పిన్నిగారు తోడు వచ్చాక తీరింది. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదట. ఆవకాయా, అప్పడాలూ పండగలకే పరిమితమైనాయి.

సాయంకాలం శవాసనం. చాపమీద వెల్లకిలా పడుకుని, పాదాల నుంచి నుదుటిదాకా ఒక్కొక్క అవయవాన్నీ వదులు చేస్తూ, నిదానంగా ఊపిరి తీయడమే. 1969లోనే బొంబాయి వైద్యులు డాక్టర్ కె. కె. దాతే ప్రభృతులు దీనిని రక్తపుపోటు రోగులచేత చేయించి, ఉపకరిస్తుందని ప్రకటించారు. చేయడం సులువే, "ఈ పదిహేను నిముషాలూ నన్ను పిలవకండి" అని ఇంట్లో చెప్పడమే కష్టమైంది!

మూడు నెలలకు 132/84. ఆ సంబరంలో ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేశాను. పదిహేను రోజుల్లో మళ్ళీ 158. "నడకా, మాత్రా జోడెడ్లమ్మా! ఒకదాన్ని విప్పితే బండి సాగదు" అని డాక్టరమ్మగారు మందలించారు. అప్పటినుంచీ విప్పలేదు.

సోదరీమణులారా! మీరూ ఒకసారి చెయ్యి చాపి చూపించుకోండి. ఏ బాధా లేదుగా అనకండి. మా అమ్మ కూడా అదే అనేది.