గడగడా చదివితే చదివినట్టేనా?

తెలుగు రాత పలుకును దాదాపు ఉన్నదున్నట్టు పట్టిస్తుంది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు ఒంటబట్టాయంటే చాలు, ఎన్నడూ వినని మాటనైనా పిల్లలు తడుముకోకుండా పలుకుతారు. ఇంగ్లీషు చదివే పిల్లలకు ఈ వెసులుబాటు లేదు. అయితే ఈ సుగుణమే భద్రాచలం అడవి అంచు బడుల్లో ఒక చిక్కును కనపడకుండా దాచిపెడుతోంది. గోదావరికి అటు దుమ్ముగూడెం, చర్ల వైపు గానీ, ఇటు అశ్వాపురం, పినపాక వైపు గానీ గిరిజన ప్రాథమిక పాఠశాలల్లో మూడు నాలుగు తరగతులకు వచ్చేసరికి పాఠాన్ని గడగడా చదివే కోయ పిల్లలు కొందరైనా ఉంటారు. పుస్తకం మూయించి ‘ఇందులో ఏం జరిగింది?’ అని అడిగితే మాత్రం వాళ్ళు నేల చూపులు చూస్తారు. గొంతు విని మురిసిపోయిన పంతులుగారు ఆ ప్రశ్న అడగకుండానే తర్వాతి పాఠానికి వెళ్ళిపోయే ప్రమాదం ఎక్కువ.

ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు 1986లో దీనికి పనికొచ్చే సూత్రం ఒకటి చెప్పారు. చదివి గ్రహించడమంటే రెండు శక్తుల గుణకారం. అక్షరాలను మాటలుగా విప్పుకోవడం ఒకటి, ఆ భాషను చెవితో విని అర్థం చేసుకోవడం రెండోది. కూడిక అయితే ఒకటి తక్కువైనా రెండోది కొంత ఆదుకుంటుంది. గుణకారంలో ఆ అవకాశం లేదు, ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. ఇంట్లో తెలుగు వింటూ పెరిగిన పిల్లకు రెండో శక్తి బడికి రాకముందే ఉంటుంది, బడి మొదటిది నేర్పితే సరిపోతుంది. కోయ పిల్లకు బడి రెండూ నేర్పాలి. మన వాచకాలేమో మొదటి పిల్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

2011 జనాభా లెక్కల్లో కోయ తమ మాతృభాష అని చెప్పినవాళ్ళు 4 లక్షలకు పైనే. కోయ, గోండీకి దగ్గరి చుట్టం. తెలుగు కూడా ఆ రెండూ ఉన్న ద్రావిడ శాఖలోదే. అందువల్ల కొన్ని మాటలు చేయందిస్తాయి, కొన్ని దారి తప్పిస్తాయి. తెలుగులో ‘ఏరు’ ప్రవాహం, కోయలో అది నీళ్ళు. ‘ఏరు పొంగింది’ అన్న వాక్యం చదివిన పిల్ల మనసులో ఏ బొమ్మ కడుతుందో అడిగితే తప్ప తెలియదు. 2005 తర్వాత పొరుగు రాష్ట్రంలోని బస్తర్ గొడవల వల్ల సరిహద్దు దాటి వచ్చి అడవిలో గూడేలు కట్టుకున్న గొత్తికోయల పిల్లల్లో తెలుగు చెవిన పడనివాళ్ళే ఎక్కువ.

అక్షరాలన్నీ వచ్చాక కథలు చదివిద్దాంలే అని చాలామంది అనుకుంటారు. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన చూస్తే ఆ ఆలోచన ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. మన లిపుల్లో గుణింతాలు, ఒత్తులు కలిసి వందల రూపాలవుతాయి. అవన్నీ పట్టుబడడం ఒకటి రెండేళ్ళతో అయ్యే పని కాదు, ప్రాథమిక తరగతుల పొడవునా సాగుతుంది. అంతదాకా కథ ఆగితే భాష కూడా ఆగిపోతుంది. కంటికి అక్షరం అందే లోపల చెవికి కథ అందుతూ ఉండాలి.

చెవితో విన్న కథ మాటలు నేర్పుతుందనడానికి ఆధారాలున్నాయి. న్యూజీలాండ్‌లో వార్విక్ ఎలీ ఏడెనిమిదేళ్ళ పిల్లలకు ఉపాధ్యాయుల చేత కథలు చదివించి, ముందూ తర్వాతా పదపరీక్ష పెట్టి 1989లో ఫలితాలు ప్రచురించారు. ఒకే కథను వారంలో మూడుసార్లు ఊరికే చదివినా పిల్లలు కొత్త మాటల్లో సుమారు 15 శాతం పట్టుకున్నారు. చదువుతూ చదువుతూ మధ్యలో మాట అర్థాన్ని క్లుప్తంగా చెబితే అది 40 శాతం దగ్గరికి వెళ్ళింది. మొదట్లో తక్కువ మాటలు తెలిసిన పిల్లలు కూడా మిగతావాళ్ళకు తీసిపోలేదు. మనకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఫిజీ. అక్కడి పల్లె బడుల్లో 4, 5 తరగతుల పిల్లలకు ఇంగ్లీషు పరాయి భాష. ఎలీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ కలిసి ఆ తరగతులకు 250 కథల పుస్తకాలు ఇచ్చి చూశారు. ఎనిమిది నెలల్లో ఆ పిల్లలు చదవడంలోనూ, విని గ్రహించడంలోనూ మామూలు కంటే రెట్టింపు వేగంతో ముందుకు వెళ్ళారు.

ఇక్కడి బడికి తగిన కథ ఎలా ఉండాలో, దానితో ఏం చేయవచ్చో ఒక మచ్చు చూద్దాం.

‘నాయనమ్మ, మనవరాలు తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని విప్పచెట్టు దగ్గరికి వెళ్ళారు. రోజూ చెట్టు కింద నేలంతా పరుచుకునే పూలు ఆ రోజు అక్కడక్కడా మాత్రమే ఉన్నాయి. మనవరాలు ఆత్రంగా ముందుకు ఉరకబోయింది. నాయనమ్మ చెయ్యి పట్టి ఆపింది. చెట్టు బెరడు మీద కొత్త గాట్లు. పొదలో ఏదో అలికిడి. నాయనమ్మ ఒక్క మాటా మాట్లాడకుండా మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చిన దారినే తిరిగి వెళ్ళింది.’

మొదటి రోజు పుస్తకం ఉండదు. టీచరు నోటితో చెబుతుంది, పిల్లలు వింటారు. మధ్యలో కోయలో మాట్లాడుకుంటే మాట్లాడుకోనివ్వాలి. రెండో రోజు మాటలు. అన్ని మాటలకూ ఒకే సమయం ఇవ్వనక్కరలేదని పరిశోధకురాలు ఇసబెల్ బెక్ బృందం చెప్పింది. బుట్ట తెలిసిందే. బెరడును చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి తాకిస్తే, కోయలో దాని పేరు పిల్లలే చెబితే అయిపోతుంది. ఆత్రం, అలికిడి అలాంటివి కావు. వేలుపెట్టి చూపలేం, కానీ రేపు ఇంకో కథలో, ఎల్లుండి వాచకంలో ఎదురవుతాయి. సమయం పెట్టాల్సింది వీటి మీద.

‘అలికిడి అనగా చప్పుడు’ అని బోర్డు మీద రాస్తే పని చెడుతుంది. ప్రతి చప్పుడూ అలికిడి కాదు. పిల్లల్ని కళ్ళు మూసుకోమని, ఒకర్ని వెనక ఎండుటాకుల మీద మెల్లగా నడవమనాలి. ఎవరో ఉన్నారని తెలిసింది కదా, అది అలికిడి. మరి బడిగంట మోగితే అలికిడి అంటామా? పిడుగు పడితే? కోళ్ళగూడు దగ్గర రాత్రిపూట ఏదో కదిలితే? ఈ ‘అవును, కాదు’ల మధ్య మాట హద్దులు పిల్లలకు తెలిసిపోతాయి. నిఘంటువు ఇవ్వలేనిది ఇదే.

మూడో రోజు పుస్తకం చేతికివ్వాలి. ఇప్పుడు అక్షరాలు విప్పుకునే ప్రతి మాటా అంతకుముందు విన్నదే. ఇక ప్రశ్నలు. ‘నాయనమ్మ మనవరాలిని ఎందుకు ఆపింది?’ ఎలుగుబంటి అన్న మాట కథలో ఎక్కడా లేదు. అయినా అడవి అంచు పిల్లలు జవాబు చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు, విప్పపూల కోసం ఎలుగు వస్తుందని వాళ్ళకు తెలుసు. అక్కడితో వదలకుండా ‘నీకెలా తెలిసింది?’ అని అడగాలి. పూలు తగ్గాయి, గాట్లున్నాయి, పొదలో అలికిడి అయింది అని పిల్ల వాక్యాల మీద వేలు పెట్టి చూపాలి. పాఠం చెప్పని దాన్ని పాఠంలోంచే రాబట్టడం పిల్ల ఇక్కడ నేర్చుకుంటుంది.

ఇదే కథ హైదరాబాద్ పిల్లలకు ఇస్తే తెలుగు బాగా వచ్చినా చాలామందికి గాట్ల సంగతి అంతుపట్టదు. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అమెరికాలో 64 మంది విద్యార్థుల చేత బేస్‌బాల్ ఆట వర్ణన చదివించారు. చదువులో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, చదువులో ముందున్నా ఆట తెలియని పిల్లల కన్నా ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. గ్రహింపుశక్తి అని మనం కొలిచేదాంట్లో విషయపరిచయం పెద్ద వాటా. లిఫ్టు గురించో రైల్వే స్టేషను గురించో ఉన్న పాఠంలో తడబడ్డ కోయ పిల్లను మందబుద్ధి అనే ముందు ఈ సంగతి గుర్తుండాలి. అలాగని ఎప్పుడూ విప్పచెట్టు కథలే ఇవ్వమని కాదు. తెలిసిన లోకంతో మొదలుపెట్టి తెలియని లోకానికి నడిపించాలి, ఆ వరుస తిరగబడకూడదు.

పిల్లలకు తెలిసిన భాషతో మొదలుపెట్టే ఈ దారి మనకు కొత్తదేమీ కాదు. గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడి ప్రాంతంలో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాసి బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం ఎరిగినంతగా ఈ పని మనవాళ్ళు ఎరగరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్య కార్యక్రమం కోయతో సహా 8 భాషల్లో, 240 బడుల్లో తెలుగు లిపితోనే పుస్తకాలు తెచ్చింది. లిపి ఒకటే కావడం చిన్న విషయం కాదు. కోయ కథ చదవడానికి నేర్చుకున్న అక్షరమే తెలుగు కథకూ పనికొస్తుంది.

2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం కూడా వచ్చింది. పుస్తకంలో ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు. కోయ పిల్లకు అవి రెండూ పరాయివే. ఫిజీ ప్రయోగం ఇప్పుడు మనకు రెండింతలు అవసరం.

కేంద్ర ప్రభుత్వం చేపట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతి పిల్ల నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. గడియారం 60 మాటలను లెక్కపెడుతుంది, అర్థాన్ని లెక్కపెట్టలేదు. కాబట్టి 2022 ఆగస్టులో తెలంగాణ ప్రాథమిక బడుల్లో మొదలైన తొలిమెట్టు వంటి కార్యక్రమాల్లో పిల్లను పరీక్షించేటప్పుడు వేగానికి ఒక గడి, కథను సొంత మాటల్లో తిరిగి చెప్పడానికి ఇంకో గడి వేరువేరుగా పెట్టడం మేలు. రెండో గడిలో కోయలో చెప్పినా మార్కు వేయాలి. టీచరుకు కోయ రాకపోతే ఐదో తరగతి పిల్లో, వంట చేసే అమ్మో అనువదిస్తారు. మొదటి గడి నిండి రెండోది ఖాళీగా ఉన్న పిల్లల చేత మళ్ళీ గుణింతాలు రాయించి లాభం లేదు. వాళ్ళకు రోజూ పావుగంట కథ చెప్పాలి, అదే కథ మర్నాడూ చెప్పాలి.