విషము ఔషధమైన విధము

ముల్లును ముల్లుతోనే తీయవలెనని పెద్దలందురు. ప్రాణములు తీయు విషముతోనే ప్రాణములను నిలుపు ఉపాయమొకటి వైద్యశాస్త్రమున కలదు.

మన దేహమందలి జీవకణములు తమ యిచ్చవచ్చినట్లు పెరుగరాదు. వానికి "పెరుగుము" అను ఆజ్ఞను గొనిపోవు పదార్థములు కొన్ని కలవు. వీనిని వృద్ధికారకములందురు. ప్రతి తాళమునకు తగిన తాళపుచెవి యున్నట్లు, ప్రతి వృద్ధికారకమునకును తగిన గ్రాహకము కణముపై నుండును. కేన్సరు వ్యాధియందు కణములు కట్టుతప్పి పెరుగును. కొన్ని రకముల కేన్సరు కణములపై ఇట్టి గ్రాహకములు మిక్కుటముగ నుండును.

ఇక విషము మాట. కంఠసర్పి, అనగా డిఫ్తీరియా, ఒకప్పుడు అసంఖ్యాకులగు శిశువులను పొట్టనబెట్టుకొనెను. ఆ వ్యాధిక్రిములు పుట్టించు విషమే యిందులకు కారణమని 1888వ సంవత్సరమున పారిస్ నగరమున రూ, యెర్సిన్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఈ విషములో ఒక భాగము కణమును పట్టుకొనును. వేరొక భాగము లోనికి జొరబడి మాంసకృత్తుల తయారీని నిలిపివేయును. మాంసకృత్తులు లేనిదే కణము జీవింపజాలదు.

శాస్త్రజ్ఞులు ఈ విషమునుండి పట్టుకొను భాగమును తొలగించి, ఆ స్థానమున ఇంటర్‌ల్యూకిన్-2 అను వృద్ధికారకమును జోడించిరి. ఇది తెల్ల రక్తకణములలో టి-కణములను పెంచునది. వ్యాధిగ్రస్తమైన కణము దీనిని తన వృద్ధికారకమే యని భ్రమించి లోనికి గైకొనును. మేకవన్నె పులివలె లోన చేరిన విషము ఆ కణమును హతమార్చును. డెనిల్యూకిన్ డిఫ్టిటాక్స్ అను ఈ ఔషధమును, చర్మమున వ్యాపించు ఒక టి-కణ కేన్సరునకు వాడుటకు 1999వ సంవత్సరమున అమెరికాలో అనుమతి లభించెను. ఇంటర్‌ల్యూకిన్-3తో జతపరచిన టాగ్రాక్సోఫస్ప్ అను మందు 2018వ సంవత్సరమున ఒక అరుదైన రక్తసంబంధమగు కేన్సరునకు అనుమతి పొందెను.

అయినను ఈ మార్గము నిష్కంటకము కాదు. ఆరోగ్యవంతములగు కణములలో కొన్నింటిపైనను ఇట్టి గ్రాహకములుండును. సూక్ష్మ రక్తనాళములనుండి ద్రవము వెలుపలికి కారి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున వైద్యులు రోగిని కనిపెట్టి యుందురు. మరియొక వింత గలదు. శైశవమున వేయించుకొన్న కంఠసర్పి టీకావలన కలిగిన రక్షణశక్తి, ఈ మందును గూడ పాతశత్రువుగ నెంచి అడ్డగింపవచ్చును.

బాలలారా! కంఠసర్పి విషము తన గుణమును విడువలేదు. అది చేరవలసిన చోటును మాత్రమే మానవుడు మార్చినాడు. శత్రువు బలమును చక్కగ నెరిగినవాడే దానిని తనకు సాధనముగ చేసికొనగలడు.